వడ్డీ లేని పట్టా
(బ్రిటన్‌లో స్థిరపడిన బంధువులున్న కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ కూర్చున్నవారిలో చాలామందికి బ్రిటన్‌లో కొడుకో కూతురో తమ్ముడో మేనల్లుడో ఉన్నారు. ఒక తరం క్రితం వైద్యులుగా వెళ్లినవారు కొందరు, పై చదువులకు వెళ్లి అక్కడే కాపురాలు పెట్టినవారు కొందరు, టాక్సీ నడుపుతూ, దుకాణం పెట్టుకుని కుటుంబాలను పోషిస్తున్నవారు కొందరు. వారి పిల్లలు అక్కడే పుట్టి, అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో చదివి, నేడు పదహారు పదిహేడేళ్ల వయసుకు వచ్చారు. వారు బ్రిటిష్ పౌరులు. అయినా వారి చదువు గురించిన సందేహాలు ఫోనులో మన ఇళ్లకే వస్తున్నవి. "అబ్బా, అమ్మాయికి ఇక్కడ మంచి విశ్వవిద్యాలయంలోనే సీటు వచ్చేలా ఉంది. కాని వడ్డీ అప్పు తీసుకోక తప్పదంటున్నారు. ఏమి చేయమంటారు?" ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోగా, మేము ఊహించని చోట ఒక దారి కనిపించింది. దానిని మీ ముందు ఉంచడమే ఈనాటి ప్రసంగం.

ముందుగా ఆ అప్పు స్వరూపం తెలియాలి. ఇంగ్లండులో 1998 వరకు విశ్వవిద్యాలయ విద్యకు విద్యార్థి బోధన రుసుము కట్టేవాడు కాదు. ఆ ఏడాది 1,000 పౌనులతో మొదలైన రుసుము 2006లో 3,000కు, 2012లో 9,000కు పెరిగింది. 2025-26లో అది 9,535 పౌనులు. తిండికి, బసకు అయ్యే ఖర్చు వేరు. ఈ రెండింటికీ ప్రభుత్వమే అప్పు ఇస్తుంది, దానిపై వడ్డీ వేస్తుంది. 2023 ఆగస్టు తర్వాత చదువు మొదలుపెట్టినవారికి చిల్లర ధరల సూచీ ఎంత పెరిగితే వడ్డీ అంత. ఉద్యోగంలో చేరిన తర్వాత 25,000 పౌనులకు మించిన సంపాదనలో నూటికి తొమ్మిది వంతులు కోసుకుంటారు. నలభై ఏళ్లు గడిచినా తీరకపోతే మిగిలినది రద్దు. స్కాట్లండు నివాసి స్కాట్లండులోనే చదివితే బోధన రుసుము అక్కడి ప్రభుత్వమే భరిస్తుంది. కనుక ఈ చిక్కు ప్రధానంగా ఇంగ్లండులో ఉన్నవారిది.

దీనిపై పండితులలో ఏకాభిప్రాయం లేదు. సంపాదన లేనివాడు చెల్లించనక్కరలేదు, కొంతకాలానికి రద్దవుతుంది, ఇది అప్పు పేరుతో ఉన్న పన్ను అని కొందరంటారు. అసలు మీద ఒక్క పౌను ఎక్కువ కట్టించుకున్నా అది రిబాయే అని మరికొందరంటారు. ఈ వాదంలో తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. అది వేదిక మీదనున్న పెద్దల పని. మా ఫిర్యాదు ప్రభుత్వం మీద. 2013లో లండన్‌లో జరిగిన ప్రపంచ ఇస్లామిక్ ఆర్థిక సదస్సులో నాటి ప్రధాని డేవిడ్ కామెరాన్, మతవిశ్వాసం కారణంగా ఏ ముస్లిం విద్యార్థీ ఈ సదుపాయానికి దూరం కాకూడదన్న భావంతో మాట్లాడారు. 2014లో ప్రజాభిప్రాయం సేకరించారు. తకాఫుల్ పద్ధతిలో, అంటే విద్యార్థులు పరస్పరం సహాయపడే నిధి రూపంలో, వడ్డీ లేని ఏర్పాటు సాధ్యమేనని తేల్చారు. 2017లో ఉన్నత విద్యా చట్టంలో అందుకు అధికారం కూడా కల్పించారు. అంతటితో ఆగింది. ఈ మాటలు చెప్పుకుంటున్న నాటికి ఆ నిధి నుంచి ఒక్క విద్యార్థికి ఒక్క పౌను అందలేదు. 2013లో ఆరేళ్ల పిల్లగా బడికి పోతున్న అమ్మాయి నేడు విశ్వవిద్యాలయం గుమ్మం దగ్గర నిలబడి ఉన్నది. హక్కు చట్టంలోకి ఎక్కి అమలుకు నోచుకోకపోవడం మన దేశంలోని మైనారిటీలకు కొత్త కాదు. లండన్‌లోనూ అదే తీరు.

ఈ స్థితిలో కొన్ని కుటుంబాలు పిల్లల చదువును వాయిదా వేస్తున్నవి, కొన్ని మనసు చంపుకుని అప్పు తీసుకుంటున్నవి. మూడవ దారి అమెరికాలో ఉన్నదని చెబితే మొదట మాకే నమ్మకం కలగలేదు. హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్ వంటి చోట్ల ఏడాది ఖర్చు 85,000 డాలర్లు దాటుతుంది. అది ధనికుల పిల్లలు చదువుకునే చోటని అందరూ అనుకుంటారు. ప్రకటించిన ధర వేరు, కుటుంబం కట్టవలసినది వేరు. ఈ తేడా తెలియక ఎందరో దరఖాస్తు ముట్టుకోకుండానే వెనుదిరుగుతున్నారు.

అక్కడ వాడుకలో ఉన్న "నీడ్ బ్లైండ్" అనే మాటను కాస్త నిదానంగా అర్థం చేసుకోవాలి. విద్యార్థిని చేర్చుకోవాలా వద్దా అని నిర్ణయించేవారు ఆ కుటుంబం డబ్బు కట్టగలదా లేదా అన్నది చూడరని దాని భావం. చాలా విశ్వవిద్యాలయాలు ఈ సూత్రాన్ని అమెరికా పౌరులకే పరిమితం చేస్తాయి. విదేశీ విద్యార్థికి కూడా వర్తింపజేసి, చేర్చుకున్న తర్వాత కుటుంబానికి ఎంత లోటు ఉంటే అంత పూర్తిగా భర్తీ చేసేవి కొద్ది మాత్రమే. హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్, ఎం.ఐ.టి., డార్ట్‌మత్, బ్రౌన్, ఆమ్‌హర్‌స్ట్, బోడిన్ ఆ కోవలోనివి. మనకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఏమంటే, ఈ సహాయం అప్పు కాదు, తిరిగి చెల్లించనక్కరలేని గ్రాంటు. సహాయంలో అప్పును పూర్తిగా తొలగించి గ్రాంటు పెట్టడం 2001లో ప్రిన్స్‌టన్ మొదలుపెట్టింది. తక్కినవి క్రమంగా ఆ బాట పట్టాయి. 2025-26 నుంచి హార్వర్డు, ఏటా లక్ష డాలర్ల లోపు ఆదాయమూ సాధారణమైన ఆస్తులూ ఉన్న కుటుంబం నుంచి ఏమీ ఆశించదు; బోధన, బస, భోజనం అన్నీ తానే భరిస్తుంది. లక్ష డాలర్లంటే సుమారు 75,000 పౌనులు. బర్మింగ్‌హామ్‌లో బస్సు నడిపే తండ్రి, పాఠశాలలో సహాయకురాలిగా పనిచేసే తల్లి ఇద్దరి జీతం కలిపినా సాధారణంగా అంత ఉండదు. ఆ ఇంటి బిడ్డ లండన్‌లో చదివితే వడ్డీతో కూడిన అప్పు మెడకు పడుతుంది. హార్వర్డులో సీటు సంపాదిస్తే ఒక్క పౌను అప్పు లేకుండా పట్టా తెచ్చుకుంటుంది. విచిత్రమైన లెక్కే గాని, నిజమైన లెక్క.

ఆ విశ్వవిద్యాలయాల మూలధనం ఎక్కడిది, దానిలో వడ్డీ లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్న ఉలమాలకే వదిలేద్దాం. అయితే యేల్ విషయంలో ఒక చిన్న ముచ్చట. ఆ పేరు ఎలిహు యేల్ అనే తెల్లదొరది. అతడు 1687 నుంచి 1692 వరకు మద్రాసు సెయింట్ జార్జి కోట అధ్యక్షుడు. మన కోరమాండల్ తీరంలో గడించిన సొమ్ముతో ఇంగ్లండు చేరి, 1718లో అమెరికాలోని ఒక చిన్న కళాశాలకు తొమ్మిది బేళ్ల సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి చిత్రపటం పంపాడు. వాటికి ప్రతిఫలంగా కళాశాలకు అతని పేరు పెట్టారు. ఆ సొమ్ములో ఈ తీరపు నేతగాళ్ల చెమట ఎంత ఉన్నదో చరిత్రకారులు తేల్చాలి. మన పిల్లలు అక్కడ అడుగు పెట్టడానికి బెరుకు పడనవసరం లేదని మాత్రం మేము అంటాము.

ఇక సావధానంగా వినవలసిన మాట. పైన చెప్పిన జాబితాలో లేని విశ్వవిద్యాలయాలన్నీ ఒక్కటి కావు. స్టాన్‌ఫర్డు, కొలంబియా వంటివి విదేశీ విద్యార్థికి సహాయం చేస్తాయి గాని, సహాయం అడిగిన సంగతిని ప్రవేశ నిర్ణయంలో లెక్కలోకి తీసుకుంటాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వంటి రాష్ట్ర సంస్థల నుంచి విదేశీయుడు ఇటువంటి సహాయం ఆశించరాదు. ఇంగ్లండు ప్రభుత్వపు విద్యార్థి అప్పు అమెరికా పట్టా చదువుకు రాదు, అమెరికా ప్రభుత్వపు సహాయం విదేశీయుడికి అందదు. కనుక సహాయం చేయని చోట సీటు తెచ్చుకుని సంబరపడితే ఆ కుటుంబం ఇంటిని తాకట్టు పెట్టవలసి వస్తుంది. మరొకటి, హార్వర్డు, యేల్ వంటి చోట్ల నూరుగురు దరఖాస్తు చేస్తే చేర్చుకునేది నలుగురినో ఐదుగురినో. బ్రిటన్‌లో యూకాస్ ద్వారా ఐదు దరఖాస్తులు పెట్టుకునే అవకాశాన్ని ఏ పరిస్థితిలోనూ వదలకూడదు. రెండు దేశాలకూ ఒకేసారి దరఖాస్తు చేయవచ్చు. అయితే "ఎర్లీ డెసిషన్" అనే పద్ధతిలో సంతకం చేస్తే, సీటు వచ్చిన వెంటనే మిగతావన్నీ వదులుకుంటామని మాట ఇచ్చినట్లు. హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్‌లలో నవంబరు 1న ముగిసే ముందస్తు దరఖాస్తుకు ఆ కట్టుబాటు లేదు. బ్రిటన్ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేయడాన్ని అవి అడ్డుకోవు.

వైద్యవిద్య సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాము, ఎందుకంటే మన ఇళ్లలో సగం మంది పిల్లలకు పుట్టగానే డాక్టరు అని పేరు పెడతాము. అమెరికాలో సాధారణంగా ఇంటర్ కాగానే వైద్యంలో చేరే పద్ధతి లేదు. నాలుగేళ్ల పట్టా తర్వాతనే వైద్య కళాశాల, అక్కడ విదేశీయులకు తలుపులు చాలా ఇరుకు. డాక్టరు కావాలని నిశ్చయించుకున్న బిడ్డ బ్రిటన్‌లోనే ఉండటం మేలు. గణితం, విజ్ఞానశాస్త్రాలు, చరిత్ర, అర్థశాస్త్రం వంటి వాటివైపు మొగ్గినవారికి, ఏది చదవాలో పదిహేడేళ్లకే తేల్చుకోలేనివారికి అమెరికా పద్ధతి నప్పుతుంది. అక్కడ ప్రధాన విషయాన్ని సాధారణంగా రెండవ ఏడాది చివరికి ఎంచుకుంటారు.

దరఖాస్తు తీరు బ్రిటన్‌కు పూర్తిగా భిన్నం. యూకాస్ దరఖాస్తులో విద్యార్థి తాను చదవదలచిన విషయం గురించి రాస్తాడు. అమెరికాలో చాలా విద్యాసంస్థలు వాడే "కామన్ యాప్"లో 650 పదాలకు మించకుండా తన గురించి రాయాలి. మన పిల్లలు ఇక్కడే తడబడతారు. చిన్ననాటి నుంచి "నీ గురించి నువ్వు చెప్పుకోకు" అని నేర్పినది మనమే కదా! ఆ వ్యాసంలో గొప్పలు అక్కరలేదు, కన్నీళ్లూ అక్కరలేదు. ముస్లిం అయినందుకు పడిన అవమానాలు రాస్తేనే జాలిపడి సీటు ఇస్తారని కొందరు పిల్లలకు నూరిపోస్తున్నారు. ఆ సలహా మాకు నచ్చదు. అవమానం జరిగి, అది ఆ బిడ్డ ఆలోచనను మలిచి ఉంటే రాయవచ్చు. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశాలలో జాతిని లెక్కలోకి తీసుకోరాదని తీర్పు ఇచ్చినప్పుడు కూడా, తన జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో అభ్యర్థి చెప్పుకోవచ్చునని అదే తీర్పులో పేర్కొన్నది. కాని లేని గాయాన్ని చూపించడం అబద్ధం అవుతుంది.

వ్యాసంతో పాటు, బడి వేళల తర్వాత చేసిన పనుల జాబితా ఒకటి అడుగుతారు. పదింటి వరకు రాయవచ్చు. ఇక్కడ మన పిల్లలు కాగితం ఖాళీగా వదిలేస్తున్నారు. వయొలిన్ నేర్చుకోలేదు, పడవ పందేలకు పోలేదు, ఏమి రాయాలి అంటారు. ఐదేళ్ల వయసు నుంచి ప్రతి సాయంత్రం మద్రసాలో కూర్చున్న బిడ్డ, ఖురాన్ హిఫ్జ్ చేసిన బిడ్డ, ఆదివారాలు మసీదులో చిన్నపిల్లలకు అలిఫ్ బా నేర్పిన బిడ్డ ఏమీ చేయలేదా? ఇంగ్లీషు రాని నానీని ఆసుపత్రికి తీసుకుపోయి డాక్టరు మాటలను ఉర్దూలోనో తెలుగులోనో చెప్పిన పిల్ల, అమ్మ పనికి పోతే తమ్ముళ్లను చూసుకున్న పిల్ల ఏమీ చేయలేదా? ఆ దరఖాస్తులో కుటుంబ బాధ్యతలు అనే వర్గం ప్రత్యేకంగా ఉన్నది. ఎన్ని గంటలు, ఎన్ని వారాలు అన్నది కూడా రాయమంటారు. లెక్కవేసి రాయించండి. దీన్‌కు సంబంధించిన పనిని దాచుకోవలసిన అవసరం లేదు.

ఇద్దరు ఉపాధ్యాయుల ఉత్తరాలు, పాఠశాల తరఫున ఒక నివేదిక కావాలి. బ్రిటన్ ఉపాధ్యాయులు ముభావంగా నాలుగు మాటలు రాసి ఊరుకుంటారు. అమెరికా వారికి ఆ బిడ్డ తరగతిలో ఎలా ఆలోచించిందో ఉదాహరణలతో కావాలి. కనుక పన్నెండవ ఏడాది వేసవి సెలవులకు ముందే వెళ్లి అడగాలి. శాట్ పరీక్షను కోవిడ్ కాలంలో చాలామంది ఐచ్ఛికం చేసినా, ఎం.ఐ.టి., హార్వర్డు, డార్ట్‌మత్, బ్రౌన్ మళ్లీ తప్పనిసరి చేశాయి. దరఖాస్తు రుసుము కట్టలేనివారు మాఫీ కోరవచ్చు. ప్రభుత్వ పాఠశాలల్లో చదివే, తక్కువ ఆదాయం గల కుటుంబాల పిల్లల కోసం సటన్ ట్రస్టు, ఫుల్‌బ్రైట్ కమిషన్ కలిసి 2012 నుంచి ఒక అమెరికా కార్యక్రమం నడుపుతున్నవి. పన్నెండవ ఏడాదిలో ఉన్నవారు చేరవచ్చు. పైసా ఖర్చు లేదు. మీ మనుమలకు మొట్టమొదట ఈ పేరే చెప్పండి. వేలకు వేల పౌనులు గుంజే ప్రైవేటు సలహాదారుల జోలికి పోనక్కరలేదు.

ఇక మా సొంత విద్య దగ్గరకు వస్తున్నాము. ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపినవాళ్లం కనుక ఆర్థిక సహాయపు పత్రాన్ని మేము ఆసక్తిగా పరిశీలించాము. ఎక్కువ సంస్థలు "సి.ఎస్.ఎస్. ప్రొఫైల్" అనే పత్రాన్ని అడుగుతాయి. తల్లిదండ్రుల జీతం, పన్ను కాగితాలు, బ్యాంకు నిల్వలు, వ్యాపారం, నివాసగృహం, ఇతర స్థిరాస్తులు అన్నీ చెప్పాలి. ఈ ఇతర స్థిరాస్తి దగ్గరే ఫోను మన ఊళ్లకు వస్తుంది. "అన్నయ్యా, గుంటూరు ఇంట్లో నా వాటా ఎంత, విలువ ఎంత రాయాలి?"

తండ్రి జీవించి ఉండి ఇల్లు ఆయన పేరున ఉంటే కొడుకుకు అందులో ఏ వాటా లేదు. ముస్లిం వారసత్వ ధర్మంలో పుట్టుకతో వచ్చే హక్కు లేదు. కనుక అది బర్మింగ్‌హామ్ కొడుకు ఆస్తి కాదు, రాయనక్కరలేదు. తండ్రి మరణించి ఉంటే, పంపకం కాగితం రాసుకున్నా రాసుకోకపోయినా ఆ క్షణం నుంచే వాటాలు ఏర్పడతాయి. తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్న ఇంటిని తీసుకుందాం. తల్లికి ఎనిమిదవ వంతు. మిగిలినది కొడుకులకు రెండేసి పాళ్లు, కూతురికి ఒక పాలు. మొత్తం నలభై వంతులనుకుంటే తల్లికి ఐదు, ఒక్కో కొడుకుకు పద్నాలుగు, కూతురికి ఏడు. బ్రిటన్‌లోని కొడుకు రాయవలసినది ఆ పద్నాలుగు వంతుల విలువే, ఇల్లు మొత్తం విలువ కాదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే మార్కెట్ విలువ పత్రం తీసి పంపితే అతనికి ఒక ఆధారం ఉంటుంది. ఈ లెక్క వేసేటప్పుడు కొన్ని ఇళ్లలో చెల్లెలి ఏడు వంతులు హఠాత్తుగా గుర్తుకు వస్తాయి. ఇన్నాళ్లూ కట్నం ఇచ్చాము కదా అని తోసిపుచ్చిన వాటా అది. అమెరికా విశ్వవిద్యాలయానికి నిజమైన లెక్క పంపి, సొంత చెల్లెలికి తప్పుడు లెక్క చెప్పడం ఏ ధర్మమో మీరే ఆలోచించండి.

ఇంకొక సంగతి. టాక్సీ, హోటలు నడిపేవారిలో చేతికి వచ్చిన నగదు ఒకటి, లెక్కలో చూపినది ఒకటిగా ఉంటే ఆ పత్రం దగ్గర బయటపడుతుంది. ఒక్క అబద్ధం దొరికితే వచ్చిన సీటు పోతుంది. అదే సమయంలో, నెలనెలా ఇక్కడి తల్లి మందులకు, చెల్లెలి పిల్లల ఫీజులకు పంపే డబ్బును మనవాళ్లు అసలు ప్రస్తావించరు. దానధర్మాన్ని చెప్పుకోరాదని అనుకుంటారు. ప్రత్యేక పరిస్థితులను వివరించుకునే చోటు ఆ పత్రంలో ఉన్నది. రసీదులతో సహా రాయండి. అది గొప్పలు చెప్పుకోవడం కాదు, ఆ ఇంటి చేతిలో నిజంగా ఎంత మిగులుతున్నదో చూపించడం.

భయం గురించి మాట్లాడకపోతే ఈ ప్రసంగం అసంపూర్ణం. 2025 మార్చిలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న ఒక తుర్కియే యువతిని వీధిలో పట్టుకుపోయారు. గాజాపై విద్యార్థి పత్రికలో సహవిద్యార్థులతో కలిసి ఒక వ్యాసం రాయడమే అంతటికీ మూలమని ఆమె పక్షాన న్యాయవాదులు వాదించారు. మే నెలలో న్యాయమూర్తి ఆదేశంతో ఆమె విడుదలైంది. అదే మే నెలలో హార్వర్డు విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతినే ప్రభుత్వం రద్దు చేయబోతే న్యాయస్థానం అడ్డుకున్నది. జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవారు తమ సామాజిక మాధ్యమ ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలని నిబంధన తెచ్చారు. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నంత మాత్రాన చదువుకు నేరుగా వెళ్లడానికి లేదు. పర్యాటకులకు ఇచ్చే ఎస్టా పనికిరాదు. విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రంతో ఎఫ్-1 వీసా తెచ్చుకోవాలి.

ఇవన్నీ చూసి పంపవద్దని చెప్పే హక్కు ఇక్కడున్న మనకు ఉన్నదా? మా అభిప్రాయంలో లేదు. నిర్ణయం ఆ బిడ్డది, ఆ తల్లిదండ్రులది. బ్రిటన్ సీటును చేతిలో ఉంచుకుని, అమెరికా జవాబు వచ్చే మార్చి చివరి వరకు ఆగి, మే 1 లోపు తేల్చుకోవచ్చు. ఆడపిల్ల ఒంటరిగా ఎలా ఉంటుందని అడిగే పెద్దలకు ఒక మాట. అమెరికాలో ముస్లిం విద్యార్థి సంఘం 1963లోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. జార్జ్‌టౌన్ 1999లో పూర్తికాలపు ముస్లిం మతగురువును నియమించింది. హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్‌లలోనూ అటువంటివారు ఉన్నారు. జుమా నమాజుకు, రంజాన్ సహరీకి ఏర్పాట్లున్న చోట్లు అవి.

ఇక్కడే ఉండి చదువుతున్న మన పిల్లల సంగతేమిటని వెనుక వరుసలోంచి ఒక సోదరి చీటీ పంపారు. పైన చెప్పిన ఎనిమిది సంస్థల నియమం భారత పౌరులకూ అదే విధంగా వర్తిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం మైనారిటీలకు విదేశీ విద్య కోసం ఇచ్చే 20 లక్షల రూపాయలు డిగ్రీ తర్వాతి చదువుకే గాని డిగ్రీకి రావు. విదేశీ చదువుల అప్పుపై వడ్డీ భారం తగ్గించే కేంద్ర పథకం "పఢో పర్‌దేశ్" 2022-23లో ఆగిపోయింది. వారికోసం వేరే సమావేశం పెట్టవలసి ఉన్నది.

మార్కెట్ విలువ పత్రం, వారసుల ధ్రువపత్రం తీయడం తెలియనివారు సభ ముగిసిన తర్వాత ఎడమవైపు బల్ల దగ్గరకు రండి. దస్తావేజుల నకళ్లు తెచ్చుకున్నవారి పని ముందుగా చూస్తాము. అసలు దస్తావేజులు ఎవరి చేతికీ ఇవ్వకండి, మా చేతికి కూడా.